నడుస్తున్న కంప్యూటరులో డిస్కు మార్చవచ్చా?

దుకాణం లెక్కలు, సహకార సంఘం ఖాతాలు, బడి పిల్లల మార్కులు ఇవాళ కంప్యూటరు డిస్కుల్లోనే ఉంటున్నాయి. యంత్రాన్ని ఆపకుండానే పాత డిస్కు తీసి కొత్తది పెట్టడాన్ని హాట్ స్వాప్ అంటారు. పని ఆగదు, నిజమే. అయితే ప్రమాదం ఎక్కడుందో తెలిసి చెయ్యాలి.

చాలామంది ముందుగా కరెంటుకు భయపడతారు. పాత ఐ.డి.ఇ. డిస్కుల విషయంలో ఆ భయం సబబే. వాటిని నడుస్తుండగా తీసేందుకు వీలుగా తయారు చెయ్యలేదు. 2003లో వచ్చిన సాటా పద్ధతిలో ఆ వీలు కల్పించారు. ఇందుకోసం చేసిన అతుకులో గ్రౌండు రేకులు ముందు తగిలి, మిగతావి తర్వాత తగులుతాయి. కానీ అతుకు ఒక్కటే చాలదు. మదర్‌బోర్డూ, ఆపరేటింగ్ సిస్టమూ కూడా ఒప్పుకోవాలి. చాలా కంప్యూటర్లలో ఈ సదుపాయాన్ని బయోస్‌లో మనమే తెరవాలి. మామూలు కంప్యూటర్లలోని ఎమ్.2 డిస్కులను మాత్రం యంత్రం ఆపకుండా ముట్టుకోవద్దు.

ఇక అసలు ప్రమాదం రాతలో ఉంది. గుమాస్తా పద్దులను ముందు చిట్టాలో రాసుకుని, తర్వాత ఆవర్జాకు ఎక్కిస్తాడు కదా! కంప్యూటరూ అంతే. సేవ్ అయిందని మనకు చెప్పినా, కొంత సమాచారం ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. ఆ క్షణంలో డిస్కు లాగితే, ఎక్కిస్తున్న ఆవర్జాను గుమాస్తా చేతిలోంచి లాక్కున్నట్టే. ఒక్కోసారి ఆ ఒక్క ఫైలే కాదు, ఫైళ్ల పట్టిక మొత్తం చెడుతుంది. అందుకే ముందు డిస్కును విడిచిపెట్టమని కంప్యూటరుకు ఆజ్ఞ ఇవ్వాలి. తిరిగే డిస్కయితే నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతుంది. ఆగమన్నాక అర నిమిషం ఆగి కదిలించండి.

ఆఫీసుల్లో రెండు డిస్కుల మీద ఒకే సమాచారం రాసే ఏర్పాటు ఉంటుంది. దీన్ని రెయిడ్ అంటారు. ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ఈ పద్ధతులను వివరించారు. ఒక డిస్కు పోయినా రెండోది పని నడిపిస్తుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, చెడిన డిస్కు అనుకుని మంచిదాన్ని లాగడం. కనుక బిగించిన రోజే ప్రతి డిస్కు నంబరూ దాని ట్రే మీద చీటీ రాసి అంటించండి. కొత్త డిస్కు పెట్టాక సమాచారం నిండడానికి గంటలు పడుతుంది. ఆలోగా మిగిలిన డిస్కు కూడా పోతే ఇక దిక్కులేదు.

ఇంకో మాట. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానకండి. పొరపాటున చెరిపేసిన ఫైలు రెండు డిస్కుల మీదా ఒకేసారి చెరిగిపోతుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వి లాభం లేదు. వేరే చోట ఒక నకలు భద్రంగా ఉందని చూసుకున్నాకే డిస్కు మీద చెయ్యి వేయండి. ఏమాత్రం అనుమానం ఉన్నా పది నిమిషాలు యంత్రం ఆపండి. ఆగిన పని మళ్లీ సాగుతుంది. పోయిన లెక్కలు తిరిగిరావు.