ఎట్లొచ్చిన్రు, ఎట్ల పోతరు?

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, పొలం పనులు ఆపుకొని వచ్చి వెనుక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలారా,

మా ఊరు మోస్రా. మా చిన్నప్పుడు చెరుకు కోతల కాలమొస్తే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దారి పొడుగునా ఎడ్లబండ్లే. ఒక్కోసారి ఆ బండ్ల మీదనే ఓ పిల్లగాణ్ణి దవాఖానకు తీసుకపోయేవాళ్లు. "జరమొచ్చింది, సూది ఏయించినం, తెల్లారేసరికి కాలు చచ్చుబడ్డది" అని తల్లి కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేది. పోలియోను నేను వైద్య పుస్తకాల్లో చదవకముందే ఆ తల్లుల నోట విన్నాను.

ఎముకల వైద్యంలోకి వచ్చాక నాకు ఆదర్శంగా నిలిచినవారు డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు గారు. 1939లో భీమవరంలో పుట్టి, విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, శస్త్రవైద్యుడిగా, గురువుగా ఎదిగి, పోలియో సోకిన పిల్లల కాళ్లు సరిచేసే పనికి పూనుకున్నారు. పోలియో వైరస్ వెన్నుపాములోని నాడీకణాలను చంపుతుంది. కొన్ని కండరాలు చచ్చుబడితే, మిగిలినవి లాగి లాగి మోకాలినీ మడమనూ వంకర చేస్తాయి. బిగుసుకున్నదాన్ని వదులు చేసి, బలమున్న కండరాన్ని అవసరమైన చోటికి మార్చి కుట్టి, కాలికి ఊతంగా కాలిపర్ తొడిగి, నెలల తరబడి వ్యాయామం చేయిస్తే పాకే పిల్ల లేచి నిలబడుతుంది. ఆ శస్త్రచికిత్సను ఆయన రాష్ట్రాలు దాటి, ఉచిత శిబిరాలకు తీసుకెళ్లారు. రాలేని పిల్లల దగ్గరికి తానే వెళ్లారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ కాళ్లను సరిచేయాల్సిన అవసరమే రాకుండా చేసినవి పోలియో చుక్కలు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు. 2014 మార్చి 27న భారత్‌ను పోలియో రహితంగా ప్రకటించారు. గడప గడపకూ తిరిగిన అంగన్‌వాడీ, ఆశా అక్కలకు మన వృత్తి ఎంతో రుణపడి ఉంది.

పోలియో పోయినా, రేపు మీ ముందుకు ట్రాక్టర్ బోల్తాపడి తొడ ఎముక విరిగిన రైతు వస్తాడు. నాట్లు వేసీ వేసీ మోకాళ్లు అరిగిన అవ్వ వస్తుంది. కొందరు ముందు నాటుకట్టు కట్టించుకొని ఆలస్యంగా వస్తారు. వాళ్లను కసరకండి. కట్టు కట్టినాయన ఊళ్లోనే ఉన్నాడు, వాళ్ల మాటలోనే మాట్లాడాడు.

ఎక్స్‌రే చూసే ముందు "ఎట్లొచ్చిన్రు?" అనీ, చీటీ రాసే ముందు "ఇంటికి ఎట్ల పోతరు?" అనీ అడగండి. బస్సు దిగి రెండు మైళ్లు నడవాల్సిన మనిషికి ఏ వైద్యం నిలుస్తుందో ఆ జవాబే మీకు చెబుతుంది. నా గురువులు నాకు నేర్పిన ఆ రెండు ప్రశ్నలనే ఈ రోజు మీకు అప్పగిస్తున్నాను. మీ తర్వాతివాళ్లకు మీరు నేర్పండి.