గ్రంథాలయంలో గురజాడను వెదకడం
(ఉమ్ సలాల్‌లో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

తాతల కాలంలోనే ఊరు విడిచిన కుటుంబాల వాళ్ళం మనం. మా తెలుగు సాయంకాలం తరగతుల్లో నేర్చుకున్నది. అందుచేత పాండిత్యం జోలికి పోకుండా, పనికివచ్చే మాట ఒకటి మనవి చేస్తాము.

మా తరగతిలోని ఒక అమ్మాయి కాలేజీ వ్యాసానికి గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' ఎంచుకుంది. ఇంట్లో కూర్చుని లైబ్రరీ డేటాబేసులో నాటకం పేరు టైపు చేసింది. చెప్పుకోదగినదేమీ రాలేదు. "మనవాటి మీద ఎవరూ రాయలేదండీ, షేక్‌స్పియర్ మీద రాసుకుంటాను" అన్నది. ఆ మాట మమ్మల్ని కలవరపెట్టింది. గడిలో ఏమీ రాకపోతే మన సాహిత్యంలోనే ఏమీ లేదని పిల్లలు నమ్మితే, భాషకు అంతకన్న నష్టం ఏముంటుంది?

చిక్కు సాహిత్యంలో లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. 'శు' అన్న అక్షరానికి కొందరు ఎస్ పక్కన హెచ్ పెడతారు, కొందరు పెట్టరు. పండితులు ఎస్ మీద గీత పెడతారు. గురజాడలోని 'జ'కు కొందరు జె, కొందరు జెడ్ రాస్తారు. అప్పారావు ఒకచోట ఒకే మాట, మరొకచోట రెండు మాటలు. కాబట్టి అన్ని రూపాలూ రాసి, నడుమ 'ఆర్' అన్న మాట పెట్టి వెదకాలి. 'తెలుగు డ్రామా, హిస్టరీ అండ్ క్రిటిసిజం' అన్న విషయ శీర్షిక కింద కూడా చూడాలి.

ఎడ్యుకేషన్ సిటీలోని ఖతార్ నేషనల్ లైబ్రరీలో ఇక్కడ నివసించేవారికి సభ్యత్వం ఉచితం. సభ్యులు ఇంటినుంచే డేటాబేసులు చూడవచ్చు. సాహిత్య అకాడమీవారి 'ఇండియన్ లిటరేచర్' పత్రిక పాత సంచికలు జేస్టోర్‌లో ఉన్నాయి. వెల్చేరు నారాయణరావుగారు 2007లో ఈ నాటకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, చివర దీర్ఘమైన వ్యాసం కూడా రాశారు. ఒక మంచి వ్యాసం దొరికితే దాని అధోజ్ఞాపికలు చూడండి. అవి మరి పది వ్యాసాలకు దారి చూపిస్తాయి.

రెండు జాగ్రత్తలు. పుస్తక పరిచయం వేరు, విమర్శ వేరు. ఒకటి పుస్తకం ఎలా ఉందో చెబుతుంది, రెండవది ఎందుకలా ఉందో వాదిస్తుంది. ఇక, కన్యాశుల్కం 1897లో ఒకసారి, ఎంతో మార్చి పెంచి 1909లో మరొకసారి అచ్చయింది. విమర్శకుడు ఏ ప్రతిని గురించి మాట్లాడుతున్నాడో గుర్తించాలి.

ఇంత వెదికినా తెలుగులో వచ్చిన విమర్శ చాలావరకు ఈ డేటాబేసులకు అందదు. 1914 నాటి కట్టమంచి రామలింగారెడ్డిగారి 'కవిత్వతత్త్వ విచారము' వంటి గ్రంథాలను తెలుగులోనే చదువుకోవాలి. సాయంకాలం తరగతి అవసరం అక్కడే తెలుస్తుంది.

ఆ అమ్మాయి అంశం మార్చలేదు. తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే: విమర్శ వెదికే ముందు నాటకాన్ని ఇంట్లో అందరూ కలిసి, పాత్రలు పంచుకుని పైకి చదవండి. గిరీశం మాటలకు నవ్విన పిల్లలకు విమర్శకులను అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి.