లోపలి నుంచి విభేదించే హక్కు
(స్త్రీల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మతమూ స్త్రీల హక్కులూ అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అది చాలా పెద్ద విషయం. అందులో ఒక్క ముక్క తీసుకుంటాను. తన మతాన్ని వదులుకోవాలన్న ఆలోచన ఏమాత్రం లేని స్త్రీ, ఆ మతంలోని తనవాళ్ళతోనే విభేదించాల్సి వస్తే ఏమవుతుంది?

నేను ముస్లిం కుటుంబంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ముస్లిం స్త్రీల అనుభవం నుంచే మాట్లాడతాను. ఇది ముస్లింలకే ఉన్న సమస్య అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం పంతులుగారిని వెలి పెట్టింది ఆయన సొంతవాళ్ళే. తండ్రి ఆస్తిలో సమాన వాటా కావాలని సుప్రీంకోర్టుకి వెళ్ళి 1986లో గెలిచిన మేరీ రాయ్‌కి కేరళ సిరియన్ క్రైస్తవుల్లోంచే, చర్చి పెద్దల నుంచే వ్యతిరేకత వచ్చింది.

నోరు విప్పిన ముస్లిం స్త్రీని మూడు ప్రశ్నలు అడుగుతారు. మతం గురించి మాట్లాడ్డానికి నువ్వెవరు? మాట్లాడ్డానికి ఇదా సమయం? ఇంతకీ నువ్వెవరి పక్షం?

మొదటి ప్రశ్న చూద్దాం. షరియత్ ఒక్కటే, అందులో రెండో మాట లేదు అని మనకి చెప్తుంటారు. కానీ మతపండితుల మధ్యే ఎన్నో భేదాలున్నాయి. ఒకే దఫాలో మూడుసార్లు తలాఖ్ అంటే పెళ్ళి తెగిపోతుందని మనదేశంలో హనఫీ పండితులు చెప్తూ వచ్చారు. షియాలు దాన్ని ఒప్పుకోరు. అహ్లె హదీస్ వాళ్ళు దాన్ని ఒక్క తలాఖ్‌గానే లెక్కిస్తారు. ఈజిప్టు 1929లోనే అలా లెక్కించాలని చట్టం చేసింది. పాకిస్తాన్‌లో 1961 నుంచి తలాఖ్ చెప్పిన భర్త లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, 90 రోజులు గడవాలి. మతపెద్దలు విభేదిస్తే అది పాండిత్యమైంది. అదే మాట స్త్రీ అంటే ధిక్కారమైంది!

స్త్రీలు విభేదించడం కొత్త సంగతి కూడా కాదు. బ్రిటిష్ పాలనలోని పంజాబ్‌లో, భర్త ఆచూకీ లేకపోయినా, తిండి పెట్టకపోయినా, హనఫీ న్యాయం ప్రకారం స్త్రీకి విడాకులు దొరకడం దాదాపు అసాధ్యంగా ఉండేది. వేరే దారి లేక కొందరు స్త్రీలు ఇస్లాంని వదిలేశామని ప్రకటించి, ఆ పెళ్ళిళ్ళు రద్దు చేయించుకున్నారు. అప్పుడు గాని ఉలేమాలకి కంగారు పుట్టలేదు. దేవ్‌బంద్ సంప్రదాయానికి చెందిన మహాపండితుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ, మాలికీ న్యాయం నుంచి పరిష్కారం తెచ్చుకోవచ్చని 1930ల మొదట్లో రాశారు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త నాలుగేళ్ళు కనబడకపోయినా, రెండేళ్ళు పోషించకపోయినా, హింసించినా స్త్రీ విడాకులు కోరవచ్చు. మతం వదిలినంత మాత్రాన పెళ్ళి రద్దు కాదని కూడా ఆ చట్టమే చెప్పింది. అంటే, బయటికి పోయే దారి మూసి, లోపల ఒక దారి తెరిచారు. లోపల మాట్లాడే చోటు లేకపోతే మనుషులు బయటికి పోతారన్న సంగతి ఆనాటి పెద్దలకి అర్థమైంది.

ఇక్కడ ఎవరు తేల్చాలన్న ప్రశ్న కూడా ఉంది. చాలా ఊళ్ళలో భార్యాభర్తల తగాదాలు మసీదు జమాత్‌లో తేలుతాయి. అక్కడ కూర్చునేది మగవాళ్ళు. తమిళనాడులోని పుదుక్కోట్టైలో దావూద్ షరీఫా ఖానమ్ నాయకత్వంలో స్త్రీలు తమ జమాత్ తామే పెట్టుకున్నది ఇందుకే. వాళ్ళు మతాన్ని కాదనలేదు. తమ సంసారం గురించి తీర్పు చెప్పేచోట తామూ ఉండాలన్నారు.

రెండోది సమయం ప్రశ్న. ఇండోర్‌కి చెందిన షాబానో బేగం కథ మీకు తెలుసు. 1932లో పెళ్ళయిన మనిషిని, 43 ఏళ్ళ తరవాత 1975లో భర్త ఇంట్లోంచి పంపేశాడు. ఆయన లాయరు. ఆమె భరణం అడిగితే తలాఖ్ చెప్పాడు. మేజిస్ట్రేటు నెలకి 25 రూపాయలు ఇమ్మన్నాడు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది. ఆ తరవాత దేశమంతా జరిగిన గొడవ ఈ 179 రూపాయల గురించి కానే కాదు. 'మతం ప్రమాదంలో ఉంది, ఇది సమయం కాదు' అన్న ఒత్తిడి మధ్య ఆ ముసలావిడ అదే ఏడాది నవంబర్‌లో తీర్పు తనకొద్దని ప్రకటించింది. 1986లో పార్లమెంటు ముస్లిం స్త్రీల చట్టం చేసింది.

ఈ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. 1992 డిసెంబర్, 2002 గుజరాత్ చూసినవాళ్ళం. ఇంటి మీదికి గుంపు వచ్చినప్పుడు ఇంట్లో తగువులు పెట్టుకోకూడదు అనిపించడం సహజం. కానీ లెక్క చూడండి. షాబానో తరఫున వాదించిన డేనియల్ లతీఫీ ఆ చట్టాన్నే సవాలు చేస్తే, ఇద్దత్ కాలంలోపలే ఆమె భవిష్యత్తుకి కూడా సరిపడా ఏర్పాటు చెయ్యాలని 2001లో కోర్టు చెప్పింది. 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, విడాకులైన ముస్లిం స్త్రీ అందరిలాగే 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. కొద్దిరోజుల్లోనే ముస్లిం పర్సనల్ లా బోర్డు ఆ తీర్పుని వెనక్కి తిప్పే మార్గాలు వెతకాలని తీర్మానించింది. 1973లో మన హైదరాబాద్‌లోనే రూపు దిద్దుకున్న ఆ బోర్డు ముస్లిం స్త్రీలు ఎన్నుకున్నది కాదు. 1985కీ 2024కీ మధ్య 39 ఏళ్ళు. 'సమయం కాదు' అని చెప్పిన వాళ్ళెవరూ, సమయం ఎప్పుడో చెప్పలేదు.

మూడోది పక్షం ప్రశ్న. నువ్వు మాట్లాడితే మన శత్రువుల చేతికి ఆయుధం ఇచ్చినట్టే అంటారు. ఆయుధంగా వాడుకున్న మాట నిజమే. ఉమ్మడి పౌరస్మృతి నినాదాన్ని హిందూత్వ శక్తులు అందుకున్నాక, స్త్రీల ఉద్యమాలు కూడా 1990లలో దాన్ని పునరాలోచించుకోవలసి వచ్చింది. అయితే వాళ్ళకి ఆ అవకాశం ఇచ్చింది ఎవరు? అన్యాయమని తెలిసీ దాన్ని సరిదిద్దనివాళ్ళా, అన్యాయం జరిగిందని చెప్పిన స్త్రీలా? మూడు తలాఖ్‌ల కేసులో బోర్డు కోర్టుకి ఏం చెప్పింది? అలా చెయ్యడం పాపమే గాని చెల్లుతుంది అంది. పాపం మగవాడిది, ఫలితం ఆడదానిది.

ఆ కేసులో ఉత్తరాఖండ్‌కి చెందిన షాయరా బానో, మరికొందరు స్త్రీలు 2017 ఆగస్టు 22న గెలిచారు. ఆ తీర్పు రెండు దారుల్లో వచ్చింది. జస్టిస్ కురియన్ జోసెఫ్ అది ఖురాన్‌కి విరుద్ధమన్నారు. జస్టిస్ నారిమన్, జస్టిస్ లలిత్ రాజ్యాంగంలోని సమానత్వానికి విరుద్ధమన్నారు. కోర్టుకి వెళ్ళిన స్త్రీల్లోనూ ఈ తేడా ఉంది. భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ ఖురాన్ నుంచి వాదిస్తే, బేబాక్ కలెక్టివ్ రాజ్యాంగం నుంచి వాదించింది. 2019లో మూడు తలాఖ్‌లు చెప్పిన భర్తకి మూడేళ్ళ దాకా జైలు అని చట్టం వచ్చినప్పుడు దాన్ని స్వాగతించిన ముస్లిం స్త్రీలున్నారు, వ్యతిరేకించినవాళ్ళూ ఉన్నారు. నేను రెండో పక్షం. భార్యని వదిలేసిన మగవాళ్ళు అన్ని మతాల్లో ఉండగా ఒక మతం వాళ్ళని మాత్రమే జైల్లో పెట్టడం న్యాయం కాదు. మూడు తలాఖ్‌లనీ వ్యతిరేకిస్తాను, ఈ శిక్షనీ వ్యతిరేకిస్తాను. ఈ రెండూ ఒక్క నోటితో అనలేమని ఎవరు చెప్పారు?

ఇక మన స్త్రీ సంఘాలు ఏం చెయ్యాలి?

మొదటిది, మన దగ్గరికి వచ్చిన స్త్రీని 'ఇంకా ఆ మతంలో ఎందుకున్నావు?' అని అడగొద్దు. నమాజు చేసుకునే స్త్రీకి కూడా తన మౌల్వీతో విభేదించే హక్కుంది. ఆమె చీర కట్టిందా, బురఖా వేసుకుందా అన్నది మన మద్దతుకి షరతు కాకూడదు.

రెండోది, ఆమె కేసుని మన వాదానికి ఉదాహరణగా చేసుకునే ముందు, ఆమెకి ఏం కావాలో అడుగుదాం. షాబానో పేరు దేశంలో అందరూ వాడుకున్నారు. ఆమెకి కావల్సింది నెల తిరిగేసరికి చేతిలో పడే డబ్బు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. వెలి అంటే ఏమిటో మనం సరిగా లెక్కవెయ్యడం లేదు. అద్దెకి ఇల్లు దొరకదు. తమ్ముడి కూతురికి సంబంధం రాదు. పండక్కి గడప తొక్కేవాళ్ళుండరు. రేపు చనిపోతే జనాజా ఎవరు మోస్తారో, ఖబరస్తాన్‌లో చోటిస్తారో లేదో తెలీదు. స్త్రీలు నోరు మూసుకునేది ధైర్యం లేక కాదు, ఇదంతా తెలుసు గనక. కాబట్టి తీర్మానాలతో పాటు మన సంఘాలు ఒక గదీ, లాయరు ఫీజూ, పిల్లల చదువుకి కొంత సొమ్మూ సిద్ధంగా ఉంచుకోవాలి. అదే వీధిలో ఉన్న నలుగురైదుగురు స్త్రీలు ఆమె ఇంటికి రాకపోకలు మానకుండా చూడాలి. ఒక్కతే విభేదిస్తే వెలివెయ్యడం సులభం. వీధిలో సగంమంది విభేదిస్తే ఎవరిని వెలివేస్తారు?