పచ్చగా ఉన్నవన్నీ పచ్చలేనా?



ఆకుపచ్చగా మెరిసే రాయి కనబడగానే 'పచ్చ' అనేస్తాం మనం. కాని పచ్చగా ఉన్నవన్నీ పచ్చలు కావు సుమండీ! ఫ్లోరైట్ అనే రాయి ఉంది. కాల్షియం, ఫ్లోరిన్ కలిసిన ఖనిజం అది. గనుల్లో చాలాచోట్ల చదరపు దిమ్మల్లా దొరుకుతుంది. ఊదా, పసుపు రంగుల్లోనూ ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడితే చాలా ముక్కలు తళుక్కున వెలుగుతాయి. 1852లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు అలాంటి వెలుగుకు 'ఫ్లోరొసెన్స్' అని పేరు పెట్టింది ఈ రాయిని బట్టే.

చూపుకి ఇంత అందమైనదే గాని, మహా సుకుమారం. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కిస్తారు. వజ్రం 10, అసలు పచ్చ ఏడున్నర పైన, ఫ్లోరైట్ 4 మాత్రమే. వంటింటి కత్తి మొన తగిలినా గీత పడుతుంది. కిందపడితే నున్నగా చీలిపోతుంది. కనుక అంట్లు తోమే చేతికి ఉంగరంగా పనికిరాదు. లోలాకులకో, పతకానికో అయితే సరే.

శుభ్రం చేయడమెలాగంటారా? ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువులు దీనికంటే గట్టివి. అందుకని పొడిగుడ్డతో రుద్దకండి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి. వేడినీళ్లు, చన్నీళ్లు వెంటవెంటనే పోస్తే పగులుతుంది. చింతపండు, నిమ్మకాయ, ముగ్గుపిండి దగ్గరికి రానీయకండి. కొన్నిటి రంగు ఎండకు వెలిసిపోతుంది కూడాను. నగల పెట్టెలో విడిగా గుడ్డలో చుట్టి దాచండి.

ఇక అసలు మాట. రంగురాళ్లు వేసిన మంచినీళ్లు తాగితే మేలని కొందరంటున్నారు. ఈ రాయితో ఆ పని చేయకండి. ఇది నీటిలో కరిగేది కొద్దిగానే. కాని తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రమాణం. ఒక రాత్రిలో ఎంత కరిగిందో మన కంటికి తెలుస్తుందా? నల్లగొండ జిల్లా సంగతి మనకి తెలియనిది కాదు. అక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరైట్ వంటి ఖనిజాలున్నాయి. వాటినుంచి బావినీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్ వల్ల ఎందరికో పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి, నడుములు వంగిపోయాయి. ఏళ్ల తరబడి తాగిన నీళ్లు చేసిన పని అది.

రాయి నగలోనో, అద్దాల బీరువాలోనో ఉంటేనే అందం. నీళ్లబిందెలో మాత్రం వేయకండి, పిల్లలకూ చెప్పండి.