మూతపడిన పెట్రోల్ బంకు కింది నేల, నీరు



పెట్రోల్ బంకు మూతపడిన తరువాత పంపులు తీసుకుపోతారు, పైకప్పు విప్పుతారు, పేరు పలక దించుతారు. కొన్నేళ్లు గడిచేసరికి అక్కడ ఏముండేదో వీధిలోకి కొత్తగా వచ్చినవారికి తెలియదు. స్థలం చేతులు మారుతుంది. ఇళ్లో, దుకాణాలో లేస్తాయి. అయితే బంకులో ముఖ్యభాగం ఏనాడూ కంటికి కనబడినది కాదు. తరచుగా 20,000 లీటర్ల వరకు పట్టే ఉక్కు ట్యాంకులు, వాటిని పంపులతో కలిపే గొట్టాలు నేలలోనే ఉంటాయి. ట్యాంకును వెలికితీసినా, ఇసుకతో నింపి అక్కడే విడిచినా, అంతకుముందు కారిపోయినది ఏదైనా ఉంటే అది ట్యాంకుతో పాటు పోదు. గొట్టాల అతుకుల దగ్గర, లారీ నుండి ఇంధనం దింపే చోట బొట్టుబొట్టుగా కారినది లెక్కలో కనబడకుండానే నేలలో ఇంకుతుంది.

పెట్రోల్ నీటికంటె తేలిక. దిగువకు జారి, భూగర్భజలం తగిలిన చోట దానిపై తెట్టువలె నిలుస్తుంది. అందులోని కొన్ని పదార్థాలు మాత్రం నీటిలో కరిగి దానితో ప్రయాణిస్తాయి. వాటిలో బెంజీన్ ప్రధానమైనది. అది మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని రుజువైనది. రక్తక్యాన్సరుతో దాని సంబంధం సుపరిచితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. భారతదేశంలో నేటి పెట్రోలులో బెంజీన్ నూటికి 1 పాలు వరకు ఉండవచ్చు. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ అంతా కరిగితే ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీరు ఆ పరిమితిని చేరుతుంది.

వాసన లేదు కనుక నీరు మంచిదే అన్న ధీమా ఇక్కడ చెల్లదు. బెంజీన్ వాసన నీటిలో తెలియాలంటే దాని మోతాదు ఆ పరిమితికి సుమారు వెయ్యి రెట్లు ఉండాలి. నూతిలో బ్లీచింగ్ పౌడరు వేస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గాని బెంజీన్ తగ్గదు. మరిగిస్తే ఆవిరై పోతుంది నిజమే. పోయేది వంటగది గాలిలోకే.

పరిశోధన పలుగు పారలతో కాక కాగితాలతో మొదలు కావాలి. బంకు ఏ సంవత్సరంలో తెరిచారు, ఏ సంవత్సరంలో మూసారు, ట్యాంకులు ఎక్కడ, ఎన్ని, ఎప్పుడు మార్చారు? కొలకర్రతో తీసిన నిల్వలకు, అమ్మకాలకు పొంతన ఉన్నదా? 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం ఆగిపోయింది. అంతకుముందు నుండి నడిచిన బంకయితే మట్టిలో సీసాన్ని కూడా వెదకాలి. ఈ ప్రశ్న అడగకపోతే ప్రయోగశాల తనంత తానుగా సీసాన్ని పరీక్షించదు.

తరువాత మట్టి. ట్యాంకుల గుంట, గొట్టాల దారి, పంపుల దిమ్మెల పక్కన వేర్వేరు లోతుల నుండి నమూనాలు తీస్తారు. బెంజీన్ గాలికి ఎగిరిపోయేది కనుక నమూనాను వెంటనే గాజుసీసాలో ఖాళీ లేకుండా మూసి, మంచులో ఉంచి పంపాలి. ఎండలో ప్లాస్టిక్ సంచిలో మోసుకుపోయిన మట్టి నిర్దోషిగా తేలడంలో ఆశ్చర్యం లేదు. పాత ట్యాంకులో నిలిచిన ఆవిరి నిప్పురవ్వకు పేలగలదు. దానిని కోయడం, తవ్వడం శిక్షణ లేనివారి పని కానే కాదు.

నీటి సంగతి మరింత క్లిష్టం. నీరు ఎటు కదులుతున్నదో తెలియాలంటే కనీసం మూడు పరిశీలక బావులలో నీటిమట్టం కొలవాలి. వాటిలో ఒకటైనా బంకుకు ఎగువన ఉంటేనే పోల్చి చూడడం సాధ్యం. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి కొలవాలి. మట్టం లేచి దిగినప్పుడల్లా పైనున్న పెట్రోలు తెట్టు మట్టికి పూత వలె అంటుకుపోతుంది. పైగా బరంపురం పరిసరాలలో అడుగున ఉన్నది ఖొండలైటు, గ్రానైటు నైసు వంటి గట్టి రాయి. పైనున్న శిథిలపు పొర దాటాక నీరు పగుళ్ల వెంట నడుస్తుంది. పక్క ఇంటి నుయ్యి శుభ్రంగా ఉండి, వీధి చివరి బోరు చెడిపోవచ్చు. కనుక ఒక్క నూతి పరీక్షతో వీధి అంతటికీ హామీ ఇవ్వడం తగదు.

ఈ జిల్లాకు ఇటువంటి విచారణ కొత్త కాదు. గంజాం వద్ద ఋషికుల్య ముఖద్వారానికి చేరువలో పాదరసంతో పనిచేసే కాస్టిక్ సోడా కర్మాగారం పరిసరాలను బరంపురం విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగానికి చెందిన కె.కె. పండా, ఎం. లెంకా, బి.బి. పండా పరిశీలించి 1989-1992 మధ్య వరుసగా వ్యాసాలు ప్రకటించారు. ఘనవ్యర్థం, నదీముఖంలోని బురద, నీరు, సాగునేల, మొక్కలు అన్నీ వారి పరిశీలనలోకి వచ్చాయి. మట్టిలో పాదరసం ఎంత ఉన్నదన్న ప్రశ్నతో వారు ఆగలేదు. అందులో ఎంత మొక్కకు అందుతున్నది, అందినది జీవకణానికి ఏమి చేస్తున్నది అని అడిగారు. అందుకు వాడినవి బార్లీ మొక్కలు, ఉల్లి వేళ్లు. బజారులో తూచి అమ్మే ఉల్లిపాయ వ్యర్థపు విషాన్ని పట్టి చూపింది. బంకు విషయంలోనూ అడగవలసినది అదే: ఉన్నదా అని మాత్రమే కాదు, ఎవరికి, ఏ దారిన అందుతున్నది? ఒక భేదం ఉన్నది. పాదరసం మూలకం, నశించదు. పెట్రోలును నేలలోని సూక్ష్మజీవులు, గాలి అందితే, మెల్లగా తినివేస్తాయి. అందుచేత త్వరగా కనుగొంటే బాగుచేయడం సాధ్యమే. చెడిన మట్టిని తొలగించవచ్చు, నేలలోని ఆవిరిని పీల్చివేయవచ్చు, నీటిని తోడి శుద్ధి చేయవచ్చు.

2025 జూలైలో కేంద్రప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. అనుమానిత స్థలాన్ని గుర్తించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలిపే బాధ్యత స్థానిక సంస్థపై, జిల్లా యంత్రాంగంపై ఉంచింది. పౌరుల ఫిర్యాదు మీద కూడా ఆ పని జరగవచ్చు. మండలి 90 రోజులలో ప్రాథమిక పరిశీలన ముగించాలి. కాలుష్యం రుజువైతే శుద్ధి ఖర్చు అందుకు కారకులదే.

ఫిర్యాదు చేసేవారు బంకు నడిచిన సంవత్సరాలు, ట్యాంకులున్న చోటు, చుట్టుపక్కల నూతులు, బోరులు, వాటిలో ఏది ఏ నెలలో వాసన వేసిందో, ఏ ఇంటివారు ఆ నీరు తాగుతున్నారో రాసి ఇవ్వడం మేలు. బంకులో పనిచేసిన వృద్ధులు ఇంకా వీధిలోనే ఉంటే, ట్యాంకు ఎక్కడ ఉండేదో ముందుగా వారిని అడగాలి.