మెచ్చుకున్నారు, ధర ఇవ్వలేదు



అమెరికా రైతనగానే మన కళ్ల ముందు వేల ఎకరాలు, పెద్ద ట్రాక్టరు మెదులుతాయి. ఆ ట్రాక్టరు మీద అప్పు మాత్రం మనకు కనపడదు.

1977లో కొలరాడో పల్లెల్లో రైతులు పంటకు ధర గిట్టక ఉద్యమం మొదలుపెట్టారు. వాళ్లడిగింది 'పారిటీ'. అంటే 1910-14 మధ్య పంట అమ్మకానికీ, రైతు కొనే సరుకుకూ ఉన్న నిష్పత్తి ప్రకారం ధర. మనం గిట్టుబాటు ధర అంటున్నదీ ఇంచుమించు అదే.

1979 ఫిబ్రవరి 5న ట్రాక్టర్లతో వాషింగ్టన్ చేరారు. దారులు మూసుకుపోయాయని నగరం తిట్టిపోసింది. పోలీసులు బస్సులు, చెత్త లారీలు అడ్డం పెట్టి ట్రాక్టర్లను మైదానంలో నిర్బంధించారు. రెండు వారాలకు నగరం మంచులో కూరుకుపోయింది. అప్పుడు ఆ ట్రాక్టర్లే రోడ్లు తెరిచాయి, డాక్టర్లనూ నర్సులనూ ఆసుపత్రులకు చేర్చాయి. తిట్టిన నోళ్లే మెచ్చుకున్నాయి.

అడిగిన ధర మాత్రం రాలేదు. అప్పటి వ్యవసాయ మంత్రి బాబ్ బెర్గ్‌లాండ్ కూడా రైతే, చూడండి! 1980లలో వడ్డీలు పెరిగి, భూమి రేట్లు పడిపోయి, వేలాది పొలాలు వేలానికొచ్చాయి. రైతు వెళ్లిపోతే ఊళ్లో కొట్టు మూతపడుతుంది, బడి ఖాళీ అవుతుంది, ఓట్లడిగేవాడు కూడా రాడు.

ఢిల్లీ సరిహద్దుల్లో మన రైతులు కూడా ఎదురొచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టారు. 2021లో మూడు చట్టాలు వెనక్కి పోయాయి. మద్దతు ధరకు చట్టం ఇంకా రాలేదు.

వచ్చే సభకు ఎకరాకు ఎంత ఖర్చయిందో ఎవరి లెక్క వాళ్లం రాసుకొని వద్దాం. కౌలు, కూలి కూడా కలపండి.