లాల్ అనే ఎర్రరాయి



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాష్టారు మాకు ఖనిజశాస్త్రం చెప్పేవారు. ఒకరోజు బల్లమీద రెండు ఎర్రరాళ్ళు పెట్టి, వీటిలో కెంపు ఏదో చెప్పమన్నారు. క్లాసంతా ఒక్క గొంతుతో పెద్దరాయిని చూపించాం. అది కాదు. ఆయన కోప్పడలేదు. "ఈ పొరపాటు మీకంటే ముందు ఇంగ్లండు రాజులే పడ్డారు" అని పాఠంలోకి వెళ్ళిపోయారు. ఆ మాట వెంటపడి నేను తెలుసుకున్నదే ఈ సాయంత్రం ఆయనకు అప్పజెబుతున్నాను.

ఆ పెద్దరాయి పేరు స్పినెల్. కెంపు అల్యూమినియం ఆక్సైడ్. స్పినెల్‌లో దానికి తోడు మెగ్నీషియం ఉంటుంది. రెండింటికీ ఎరుపునిచ్చేది రవ్వంత క్రోమియమే కాబట్టి కంటికి తేడా దొరకదు. మోస్ గట్టిదనపు కొలతలో కెంపుది 9, స్పినెల్‌ది 8. కెంపులోకి వెళ్ళిన వెలుగు రెండుగా చీలుతుంది, స్పినెల్‌లో చీలదు. ఇవి వేర్వేరు ఖనిజాలని ఫ్రాన్సులో రోమె ద లీల్ తేల్చింది 1783లో. అప్పటికే ఎన్నో స్పినెళ్ళు రూబీలన్న పేరుతో రాజుల కిరీటాలెక్కి కూర్చున్నాయి. బ్రిటిష్ కిరీటం ముందువైపున ఉన్న 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' అలాంటిదే. 1367లో నాహెరా యుద్ధంలో సాయపడినందుకు కాస్టీల్ రాజు పెడ్రో దాన్ని 'బ్లాక్ ప్రిన్స్' అనే ఇంగ్లండు యువరాజుకు ఇచ్చాడని చెబుతారు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం 'తైమూర్ రూబీ'. బరువు 352.5 కేరట్లు, ఇప్పటి లెక్కన ఏడు తులాలు. అదీ స్పినెలే. దానికి పలకలు కొట్టలేదు. పుట్టిన ఆకారం చెడకుండా నునుపు పెట్టి, పైన పారశీక లిపిలో పేర్లు చెక్కారు. జహంగీర్, షాజహాన్, ఫరూఖ్ సియర్. 1739లో ఢిల్లీని కొల్లగొట్టిన నాదిర్ షా కూడా, ఇది హిందుస్తాన్ రత్నాల్లోంచి తనకు దక్కిందని చెక్కించాడు. అతని తరువాత ఆఫ్ఘన్ రాజు అహ్మద్ షా దుర్రానీ. పేరు చెక్కితే రాయి తరుగుతుంది. తరిగినా సరే, తమ పేరు అందులో ఉండాలనుకున్నారు వాళ్ళు.

స్పినెల్ అని తేలగానే "అయితే అది నకిలీయా?" అని అడిగేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ ప్రశ్న నన్ను నొప్పిస్తుంది. మొగలు దర్బారు రత్నకారులు మోసపోలేదు. కెంపును వాళ్ళు యాకూత్ అన్నారు, ఈ రాయిని లాల్ అన్నారు. లాల్ వచ్చేది బదక్షాన్ కొండల నుంచి, పాంజ్ నది ఒడ్డు గనుల నుంచి. అంత పెద్ద, అంత తేటైన యాకూత్ దొరకడం అరుదు కనుక, లాల్‌ను లాల్‌గానే నెత్తిన పెట్టుకున్నారు. రెండింటినీ రూబీ అన్న ఒకే గంపలో వేసింది ఐరోపా. పొరపాటు పేరుది, రాయిది కాదు.

మన భాషలోనూ కెంపు అంటే ముందు రంగే, తరువాతే రాయి. కానీ మన రత్నశాస్త్రాలు ఎర్రరాళ్ళలోనే పద్మరాగం, కురువిందం, సౌగంధికం అని భేదాలు చూపాయి. కెంపూ నీలమూ ఏ ఖనిజ కుటుంబానివో దాన్ని ప్రపంచమంతా ఇవాళ 'కోరండం' అంటుంది. ఆ మాట మన దక్షిణాది నుంచి వెళ్ళిందే: తమిళంలో కురుందం, తెలుగులో కురువిందం. అసలు కెంపును స్పినెల్ నుంచి వేరు చేసి చూపే శాస్త్రపదం కురువిందమనే మన సానరాయి పేరేనని మాష్టారు చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనబడిన వెలుగు నాకింకా గుర్తుంది.

ఇక తైమూర్ సంగతి. ఆ రాయి మొగలుల మూలపురుషుడు తైమూర్‌ది కానేకాదని నగల చరిత్రకారిణి సుసాన్ స్ట్రాంజ్ 1990లలో వివరంగా రాశారు. 'సాహిబ్ ఖిరాన్' తైమూర్ బిరుదు. షాజహాన్ తనను రెండవ సాహిబ్ ఖిరాన్ అనిపించుకున్నాడు. రాయిమీది బిరుదు చదివిన తరువాతివాళ్ళు మొదటివాణ్ణే అనుకుని ఉంటారని నాకు తోస్తుంది.

దుర్రానీల నుంచి అది లాహోరులో రంజిత్ సింగ్ ఖజానాకు చేరింది. 1849లో ఈస్టిండియా కంపెనీ పంజాబును కలుపుకున్నప్పుడు గద్దెమీద ఉన్నది రంజిత్ సింగ్ కొడుకు, పదేళ్ళ దులీప్ సింగ్. ఖజానాతో పాటు రాయీ పోయింది. 1851లో కంపెనీ దాన్ని విక్టోరియా రాణికి కానుకగా ఇచ్చింది. 1853లో నగల తయారీదారులు గారార్డ్ వారు హారంలో పొదిగారు. ఇప్పటికీ దాన్ని తైమూర్ రూబీ అనే అంటున్నారు. దానిమీద చివరగా చెక్కిన పేరు అహ్మద్ షాది. విక్టోరియా పేరు లేదు. దులీప్ సింగ్ పేరూ లేదు.